పట్టేసిన ముందు చక్రం

హాలిఫాక్స్‌లో, చనిపోయిన భర్త ఆర్నల్డ్ షెడ్డులో డోరీన్ టీ కప్పు పట్టుకుని నిలబడింది. ఆయన స్నేహితుడు స్టాన్లీ పాత మోటారుసైకిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బ్రేకు గొట్టానికి పైన నట్టు వదులు చేశా, చక్రం కదల్లేదు. కింద వదులు చేశా, చూడు!"

చక్రం గిర్రున తిరిగింది.

"ఏమైందంటావ్?"

"బ్రేకు గొట్టం లోపల ఉబ్బిపోయింది. నొక్కితే ఆయిల్ వెళ్తుంది, వెనక్కి రాదు. ఇక బ్రేకు పట్టేసే ఉంటుంది. ఇలాంటి బండి నెట్టాలంటే పాతికేళ్ల కుర్రాడికైనా ఆయాసమే. ఆర్నల్డ్ చెప్పలేదా?"

"చెప్పాడు. బండి బరువెక్కిందే డోరీ అన్నాడు. నేనేమో బండికేం కాలేదు, నీకే వయసు మీదపడింది అన్నాను."

"సరదాకి అని ఉంటావులే."

"సరదాకే. ఆయన మాత్రం నమ్మేశాడు స్టాన్లీ. ఆ పూటే బండి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టేశాడు."

డోరీన్ చక్రాన్ని ఒక్క వేలితో తోసింది. అది ఎంతకీ ఆగలేదు.