వలవని అరటిపండ్లు

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, పుంగనూరు. కొత్తగా పంతులు ఉద్యోగం వచ్చిన అతను, భార్యతో వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. హెడ్మాస్టరు వసారాలో ఉన్నాడు.

"సారు కూసునేదానికి ట్రంకుపెట్టె మీద నా పెండ్లి సీర పరిసినా. గ్లాసులో కనకాంబరాలు పెట్టినా. బాగుండాదా?"

"సినిమాలో ఇల్లు మాదిరి ఉండాది. ఈ అరటిపండ్లు, సోడా యాల మే?"

"ఆయప్పది పెద్దకులం. మనం వండింది తినమని ఎట్ల అడిగేది? తొక్క ఉండే పండు, మూత ఉండే సోడా అయితే ఆయప్పకూ ఇబ్బంది ఉండదు."

"మా నాయన గూడా రెడ్డోళ్లు ఇంటికాడికొస్తే టెంకాయ కొట్టిచ్చి పంపిస్తా ఉండె."

"అందుకే కదా. పోయి ఇయ్యి."

అతను పండ్లు, సోడా తీసుకుని బయటికి వెళ్లి, అలాగే వెనక్కి తెచ్చాడు.

"అయ్యో! అవీ ముట్టుకోలేదా?"

"చెనిక్కాయల ఊరిబిండి నూరిన వాసన వస్తాండాదే, సంగటి అయిందా అని అడగతాండాడు."

"అది మనకని కెలికినా కదప్పా!"

"అదే కావాలంట. నీ పెండ్లి సీర నలిగిపోతాదని దాని మీద కూసోలేదు. ఈడనే, పొయ్యికాడ, మనతోపాటు కింద కూసుంటాడంట."

"నిజంగానా?"

"సెప్పులిడిసి వస్తాండాడు, సూడు."

"అట్లయితే యాల నిలబడుకున్నావు? మూడాకులూ ఒక్క వరసలో ఎయ్యి."