అక్క చెక్కిన పెట్టె

వాణిజ్య శాఖలో అధికారి అయిన తమ్ముడు, రాళ్లు చెక్కే అక్క షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్క ముందుకు రావడానికి మొహం చెల్లలేదు.

"లోపలికి రారా. కానుకివ్వాలని మీరు నాతో చెక్కించిన రాతిపెట్టె ఆ పొరుగుదేశం మంత్రికి నచ్చిందా?"

"నచ్చకపోవడమేమిటి! మూత తీస్తూ వేస్తూ ఎంతకీ వదల్లేదు. ఇలాంటివి చేసేవాళ్లు మీ దగ్గర ఎంతమంది అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా! గొప్పకి పోయి, వీధికో షెడ్డుంది, ఎన్ని కావాలంటే అన్ని పంపిస్తాం అన్నాను."

"మంచి మాటేగా. ఒప్పందం కుదిరిందా మరి?"

"కుదిరింది. గనిలో తవ్విన రాయి తవ్వినట్టే పంపిస్తే అక్కడ పైసా సుంకం లేదు."

"చెక్కి పంపిస్తే?"

అతను షెడ్డు నేల మీది రాతిపొడిని బూటుతో గీస్తూ నిలబడ్డాడు.

"నిన్నేరా అడిగేది."

"ధరలో సగం సుంకం. మన పనితనం ముందు వాళ్ల పనివాళ్లు నిలబడలేరట. నీ పెట్టె చూశాకే ఆ షరతు పెట్టారక్కా."

"మీరు ఒప్పుకున్నారా?"

"సంతకానికి కాగితాలు అందించింది నేనే."

అక్క ఉలి పక్కన పెట్టింది. "ఈ కబురు చెప్పడానికేనా ఇంత దూరం వచ్చావు?"

"కాదు. వచ్చే నెల వాళ్ల ప్రధాని వస్తున్నాడు. ఆయనకివ్వడానికి మావాళ్లకి అలాంటి పెట్టే ఇంకోటి కావాలట."

"దాని మీదా సగం వేస్తారా?"

"కానుకకి సుంకం ఉండదక్కా," అన్నాడు, తల ఎత్తకుండానే.