రెప్ప మీద నందివర్ధనం పూలు

"అవ్వా, కంట్లో పసరు పోసినాక చుక్కలమందు వేస్తే ఏమవుతుంది? కాలేజీలో నాకిచ్చిన పని అదే."

ఏమవుతుందా? కూర్చో, చెప్తా. నీ పుస్తకాల్లో ఉందో లేదో గానీ, మీ తాత కంట్లో జరిగింది నేను చూసినా.

అప్పుడు సంగం అనే ఊళ్లో ఉన్నాం. మీ నాయనకింకా పెళ్లి కాలేదు. కాదు కాదు, అయింది, మీయమ్మ కాపురానికి కూడా వచ్చేసింది. మీ తాతకి కంట్లో వొత్తిడి ఎక్కువైందని నెల్లూరు డాక్టరమ్మ చుక్కలమందు ఇచ్చింది. పోయిన చూపు ఎట్టా రాదు, ఉన్నది నిలబడాలంటే ఈ మందు మానొద్దని గట్టిగా చెప్పింది.

మా వొదిన, అదే, మీ తాత అక్క, పక్కింట్లోనే గదా ఉండేది. తమ్ముడంటే ప్రాణం. పొద్దున్నే నందివర్ధనం పూలూ ఇంకేందో ఆకూ నలిపి, గుడ్డలో పిండి కంట్లో పోసేది. చలవంట. ముందు పసరు పడితే దారి శుభ్రమై మందు బాగా దిగతాదనేది. అక్క చేత్తో పోస్తే ఆయన కాదంటాడా? తలకాయ వాల్చి చంటిబిడ్డ మాదిరి కూర్చునేవాడు.

ఇంక చూడు, నుదురు పగిలిపోతా ఉందని మొదలుపెట్టినాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. పొద్దు వాలితే గట్టు కనపడక వరి కయ్యలో కాలేసేవాడు. ఇంగ్లీషు మందే కళ్లు తీస్తా ఉంది, మాన్పించమని వొదిన. ఆయనా సరే అనేసినాడు. మానితే చూపు పోతాది, మానకపోతే ఈ నొప్పి.

అప్పుడే వొదిన తన కూతురి కానుపుకని బుచ్చిరెడ్డిపాలెం పోయింది. ఆయన్ని బతిమాలి నేను మందు మాననీలేదు. పసరు లేకుండా ఉత్త చుక్కలే వేసినా. వారం తిరక్కముందే నొప్పి తగ్గిపోయింది. నాకర్థమైపోయింది తల్లీ.

ఆయన్ని తీసుకొని పోయి డాక్టరమ్మకి చెప్పినా. నల్లగుడ్డు మీద సన్నటి పొర ఉంటాదంట, అది మందుని కొంచెమే లోపలికి పోనిస్తాదంట, దాన్నిబట్టే మోతాదు పెడతారంట. మీ పసరు ఆ పొరని వదులు చేసుంటాది, మందు ఎక్కువ దిగిపోయింది అనింది. ఏ ఆకు ఎంత వదులు చేస్తాదో నాకూ తెలీదు, చదివేవాళ్లు చదివి తేల్చాల అనింది.

ఇంక వొదినకి ఎట్టా చెప్పేది? ఆమె చెయ్యి అడ్డుకుంటే తమ్ముణ్ణి దూరం చేసినట్టే గదా. ఊరి నుంచి వచ్చిన మర్నాడు పసరుగిన్నెతో గడప దాటంగానే ఎదురు పోయినా.

"వొదినా, పూలు నలపొద్దు. ఆయన కళ్లు మూసుకుంటాడు, రెప్పల మీద పెట్టు. లోపలికి మాత్రం చుక్క పడనీను."

డాక్టరమ్మ అన్న మాటా చెప్పినా. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి ఆమెకి. గిన్నె కింద పెట్టి, పెరట్లోకి పోయి పూలు కోసుకొచ్చింది. బతికినన్నాళ్లూ రోజూ అట్నే పెట్టింది.

ఆ చూపు నిలబడింది. నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రిలో నిన్ను కిటికీ కాడికి ఎత్తుకుపోయి, "ముక్కు మా అక్కదే" అన్నాడు మీ తాత. తడిమి చెప్పలేదు తల్లీ, చూసి చెప్పినాడు.

బాగా చదువుకో. ఏ ఆకు ఏం చేస్తాదో నువ్వు తేల్చు. ప్రేమగా పోసేవాళ్లు పోస్తానే ఉంటారు, వాళ్లకి చెప్పేదానికి ఒకరుండాల. చల్లంగా ఉండు... ఏదీ, ఇట్టా వెలుగులోకి తిరుగు. ఆఁ, ఆమె ముక్కే.