కొంగల దగ్గర చదువుకున్న గురువుగారు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ ఎదురుగా మహబూబ్ టీ కొట్టుంది చూశారూ, అక్కడ కరాటే మాస్టారు వెంకట్రాజుగారు నోరు విప్పారంటే చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆ ఆదివారం వాచీలు బాగుచేసే అయాజ్ మాత్రం ఊరికే కాలక్షేపానికి రాలేదు. కూతురు యాస్మిన్ రోజూ రైల్లో ఏలూరు వెళ్ళి డిగ్రీ చదువుతోంది. ఎవరో ఇద్దరు వెధవలు స్టేషన్ నుంచి కాలేజీ దాకా వెంటపడుతున్నారు. చదువు మాన్పించేద్దామని భార్య బీబీ, కరాటే నేర్చుకుని వాళ్ళ పని పడతానని పిల్ల. అయాజ్‌కి రెండూ భయమే. ఆడపిల్లని ఒకరి దగ్గరికి పంపాలంటే వాళ్ళ ముందూ వెనకా తెలియాలి కదా మరి.

"ఏవండీ రాజుగారూ, తమరికి ఈ విద్య నేర్పిందెవరండీ?" అన్నాడు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు రాజుగారు బల్లమీద మఠం వేశారు.

"మా గురువుగారాండీ? మామూలు మనిషేనండి. పెంకు మీద చేత్తో కొడితే రెండు ముక్కలు, అంతే. గొప్పలు చెప్పుకోవడం మన ఇంటా వంటా లేదు కదా. కానీ ఆయనకో గురువున్నాడు చూశారూ, ఆయనది జపాన్ అవతల ఏదో లంకండి, ఆయన పుట్టగానే ఏడవలేదుట, కాలు ఝాడించాడుట, మంత్రసాని ఎగిరి వెళ్ళి పక్కవాళ్ళ గడ్డివామి మీద పడింది, దెబ్బ మాత్రం తగల్లేదండోయ్, ఆ తన్నులో ఒడుపు అలాంటిది మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" అయాజ్ ముందుకి జరిగాడు. నమ్మకం కుదరలేదు గానీ తెలుసుకోవాలని మహా ఇదిగా ఉంది.

"మీసాలు రాకుండానే ఆ దేశంలో ఆయనకి ఎదురు నిలిచేవాడు లేకుండా పోయాడండి. ఇంక మనుషుల దగ్గర నేర్చుకోడానికేం మిగల్లేదు, ఒక్క కొంగ విద్య తప్ప. మరి కొంగలెక్కడున్నాయి? మన కొల్లేట్లో! అంతే, ఓడెక్కేసి విశాఖపట్నంలో దిగి, అక్కణ్ణించి నడుచుకుంటూ..."

"బస్సులుండేవి కావాండీ?" అన్నాడు మహబూబ్, టీ వడకడుతూ.

"ఉండేవయ్యా, ఆయన నడకని బస్సు అందుకోవద్దూ! సరే, కొంగల మధ్యకెళ్ళి ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఎన్నాళ్ళనుకున్నారు? ఆయన నెత్తిన కొంగ గూడు కట్టి, గుడ్లు పెట్టి, ఆ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా! ఆకలేస్తే గూడకొంగలే చేపలు తెచ్చి నోట్లో పెట్టేవి, ముళ్ళు తీసి మరీ పెట్టేవండి."

"ఓరి నాయనో!" అన్నారెవరో.

"మరి తమ గురువుగారికి ఆయన ఎక్కడ దొరికారండీ?" అయాజ్ వదల్లేదు.

"అక్కడికే వస్తున్నానండి. వైశాఖమాసం, నడినెత్తిన ఎండ. కొంగల దగ్గర సెలవు తీసుకుని ఆయన కొల్లేట్లోకి దిగాడు. పడవ లేదు, దోనె లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చక్కా నడిచెళ్ళిపోయాడండి, పాదం మునిగితే ఒట్టు! ఆ గట్టున కూర్చున్న మా గురువుగారు చూసి, కాళ్ళమీద పడిపోయారు. ఆయన్నుంచి ఈయనకి, ఈయన్నుంచి నాకు!"

బల్ల చివర కోటేశ్వరరావు అనే ఆయన కూర్చున్నాడు. కొల్లేటి లంక నుంచి చేపల లోడు తెచ్చి, టీకి ఆగాడు.

"వైశాఖంలోనాండీ?" అన్నాడు మెల్లిగా.

"ఆయ్, వైశాఖంలోనే!"

"కాదండీ, వైశాఖానికి మా వైపు నీళ్ళెక్కడుంటాయండీ, నేల నెర్రెలిచ్చేస్తేను! మా గేదెలన్నీ రోజూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మేసుకుంటూ వెళ్తాయండి. అవి కూడా మీ గురువుగారి శిష్యులేనాండీ?"

కొట్టు కొట్టంతా గొల్లుమంది. మహబూబ్ చేతిలో టీ ఒలికిపోయింది. అయాజ్‌కి మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చినంత పనైంది.

"రాజుగారూ, నవ్వులాటకి అడగలేదండీ. పిల్ల చదువు ఆగిపోయేలా ఉంది. నిజంగా తమరికి నేర్పిందెవరో చెప్పండి బాబూ."

రాజుగారు తల వంచుకున్నారు.

"మా అక్కయ్యండి, రత్నమాణిక్యం. డ్రిల్లు టీచరు. మగాణ్ణయ్యుండి అక్కయ్య చేత తన్నులు తిని నేర్చుకున్నానని నలుగురిలో ఎలా చెప్పుకోనండీ?"

"ఇప్పుడెక్కడుంటారండీ ఆవిడ?"

"ఏలూర్లోనేనండి, స్టేషన్ దగ్గర. సాయంత్రాలు ఆడపిల్లలకి నేర్పుతుంది."

అయాజ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ, ఇంతసేపూ జపానంతా తిప్పారు! తమ వంశం మాకు బాగా నచ్చిందండి."

"అయితే అమ్మాయిని రేపటి నుంచి నా క్లాసుకి..."

"అబ్బే, అక్కయ్యగారుండగా తమరెందుకండీ!"