ఎడమ తలుపు బొడిపె

కారు తలుపు అట్ట ఊడొచ్చిందా? ఆ స్క్రూలు ఇటు నా పళ్ళెంలో వెయ్యి వీరేంద్రా, గడ్డిలో పడితే మళ్ళీ దొరకవు. నేనిక్కడే కుర్చీ వేసుక్కూర్చుంటాను, నీ పనికి అడ్డం కాదు కదా? ఫ్యూజు బాగానే ఉందన్నావు. బటన్ నొక్కితే మూడు తలుపుల లాకులూ టక్కుమని పడుతున్నాయి, ముందువైపు ఎడమది మాత్రం గుర్రుమంటుంది గానీ లాక్ బొడిపె కిందికి దిగదు. వైరు తెగితే ఆ చప్పుడు కూడా ఉండదు కదా? ఆఁ, నేనూ అదే అనుకున్నాను. అది మా ఆవిడ సీటు బాబూ. ప్రసన్నకుమారి. నీకు గుర్తుండదులే, మీ అమ్మనడుగు, ఉంగుటూరు బళ్ళో టీచరమ్మగారంటే చెబుతుంది. ఎక్కాలు రాకపోతే కొట్టేది కాదు, పక్కన కూర్చోబెట్టుకునేది. దాని కన్నా రెండు దెబ్బలే నయమనేవాళ్ళు పిల్లలు.

ఈ బండి కొన్నప్పుడు నా గొప్ప చూడాలి! ఒక్క బటన్‌తో నాలుగు తలుపులూ పడే బండి అప్పట్లో మా వీధిలో ఇదొక్కటే. మా ఇళ్ళల్లో బండి కదిలే ముందు ప్రార్థన చేసుకుంటాం కదా, అది ఆవిడ వంతు. చిన్న ప్రార్థనా అది? వెళ్ళేది ఈ పక్కనున్న తాడేపల్లిగూడెం. కొల్లేటి చేపల చెరువుల మీద కాపలా ఉన్నవాళ్ళ దగ్గర్నుంచి గూడెం యార్డులో బస్తాలు మోసేవాళ్ళ దాకా అందరినీ పేరుపేరునా తలుచుకునేది. నేను ఒక కన్ను తెరిచి పెట్రోలు ముల్లు చూసుకునేవాణ్ణి. ఆమేన్ అనగానే బటన్ నొక్కుదును కదా, అప్పటికే ఆవిడ చెయ్యి బొడిపె మీద ఉండేది. మోటారు కిందికి లాగుతుంటే ఈవిడ పైకి పట్టుకునేది. “ఏవండీ, నా వైపు ఉండనివ్వండి.” “అదేంటే, దొంగలకి తలుపు తీసిపెట్టినట్టు?” “కాలువ గట్టు దాటాక వేసుకుందాం లెండి.” గట్టు దాటాక వేసేదా? ఎక్కడా! అయినా మన వైపు ఏ దారి పట్టుకున్నా పక్కన కాలువే కదా, ఇంక దాటేదేముంది.

విసుక్కునేవాణ్ణి గానీ, గట్టిగా ఒక్క మాట అనలేకపోయేవాణ్ణి. వాళ్ళక్క, మా పెర్సిస్ వదిన, ఈ బండి కొనకముందు పెదపాడులో పెళ్ళికి వెళ్ళొస్తుంటే గేదె అడ్డమొచ్చి అద్దె కారు కాలువలోకి దిగిపోయింది. చేలో వరి ఊడుస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి దూకారు. ముందు అద్దం పగలగొట్టి డ్రైవర్నీ, మా తోడల్లుణ్ణీ లాగారు. వదిన వెనక సీట్లో ఉంది. ఆ తలుపు లాక్ పడిపోయింది, బయట నుంచి నలుగురు పట్టి లాగినా రాలేదట. మేం వెళ్ళేసరికి గట్టు మీద పడుకోబెట్టారు, పెళ్ళిలో పెట్టిన పూలు జడలో అలాగే ఉన్నాయి. ఆ రోజు ఏడ్చిన ఏడుపే, తర్వాత ప్రసన్న ఆ ఊసెత్తలేదు. బొడిపె పట్టుకునేది, అంతే.

ఆవిడ జ్వరంతో ఏలూరు ఆసుపత్రిలో పోయింది. చాలా ఏళ్ళయిందిలే. కొన్నాళ్ళ తర్వాత బండి తీశాను. ప్రార్థన నేనే చేసుకున్నాను, నాకొచ్చిన రెండు ముక్కలు. బటన్ నొక్కాను. మూడు పడ్డాయి. ఎడమది లేచే ఉంది. పక్కకి చూశాను బాబూ నేను. బాగు చేయించబుద్ధి కాలేదు, అలాగే ఉండనిచ్చాను... ఏంటి, లోపల పళ్ళు అరిగిపోయాయా? ఏదీ, చూపించు. ఇంత చిన్న ప్లాస్టిక్ చక్రమా! మోటారు తిరిగేటప్పుడు ఎవరో అస్తమానం బొడిపె పట్టుకుని ఆపారంటావా? ఎవరో ఏంటయ్యా, ఇందాకట్నుంచీ నీకు చెబుతున్నదేంటి! చూశావా, ఎంత మెత్తటి చెయ్యో, మొత్తం అరగదీసేసింది.

వేసెయ్యి, కొత్తదే వేసెయ్యి. మా మనవరాలు క్రిస్టినా రోజూ గూడెం కాలేజీకి దీన్ని ఒక్కర్తే తోలుకెళ్తోంది, పాఠాలు చెప్పడానికి. మొన్న రైలు గేటు పడితే ఆగిందట, ఈ బొడిపె చేత్తో నొక్కడం మరిచిపోయిందట, ఎవడో తాగినవాడు ఈ తలుపు తీసుకుని దర్జాగా పక్కన కూర్చున్నాడు. “గూడెంలో దింపెయ్యమ్మా” అంటాడట! వెనక ఆటోవాళ్ళు వచ్చి వాణ్ణి దించారు గానీ, పిల్ల కాలేజీకి పోకుండా బండి వెనక్కి తిప్పేసింది. “తాతయ్యా, ఆ తలుపు బాగు చేయిస్తావా, నన్ను బస్సెక్కమంటావా?” అంది. పిల్లకేమో తలుపు పడాలి, ఆవిడకేమో పడకూడదు. రెండు రోజులు ఆలోచించి నిన్ను పిలిచాను.

బిగించావా? ఉండు. ముందు లోపల కూర్చుని ఆ బొడిపె చేత్తో లాగు. వస్తోందా? బిగుతుగా ఉంటే ఉండనీ, ఆడపిల్ల చేతికి వస్తే చాలు. ఇంకోసారి లాగు. మంచిది. కాలువ గట్టు మీదికెక్కితే బొడిపె లేపుకోమని పిల్లకి నేను చెబుతాను, వాళ్ళ పెర్సిస్ మామ్మ సంగతి కూడా చెబుతాను. దిగిపో, నేను స్టీరింగు దగ్గర కూర్చుంటాను. తలుపులన్నీ వేసెయ్యి. నొక్కుతున్నా... ఆఁ. నాలుగూ పడ్డాయి.

దిగుతానులే, తొందరేముంది. చూస్తున్నాను. ఆ బొడిపె కిందికెళ్ళి అక్కడే ఉండిపోవడం చూసి ఎన్నేళ్ళయిందో వీరేంద్రా. ఎవరూ పట్టుకోలేదు.

ఆ పళ్ళెం తీసుకో. అట్ట బిగించెయ్యి.