ఇంట్లో అడుగన్నా

గార్లదిన్నె. పొద్దున తొమ్మిది గంటలు. పెళ్ళయి మూడు నెలలైన ఇద్దరు, వంటింట్లో.

"కళ్ళు మూసుకో బావా. మూసుకున్నావా? ఇప్పుడు తాగు."

"టీ తాగనీకి కళ్ళెందుకు మూసుకోవల్ల?"

"తాగి చెప్పు. ఈపొద్దు నురగ గూడా వచ్చింది."

"ఊఁ. చిక్కగుండాది."

"నిజంగా? నా మీద ఒట్టు?"

"చూసినావా సువర్ణా, దెబ్బకు పాలు చిక్కబడినాయి. భయపడి పెళ్ళాం మహేశ్వరితో మంచి పాలు పంపిచ్చినట్లుండాడు."

"ఎవరు?"

"తిప్పేష్‌గాడు. ఇరవై రోజుల నుంచి పాలల్లో నీళ్ళు పోస్తాండాడు. నాకు తెలీదా? చిన్నప్పటి నుంచి వాళ్ళ ఎనుము పాలే తాగినోన్ని."

"దెబ్బ అంటే... ఆగు. చొక్కా మీద అదేంది? రక్తమా?"

"నాది కాదులే."

"బావా."

"మర్యాదగానే అడిగినా. నీళ్ళెందుకు కలుపుతాండావురా అని. నవ్వినాడు. వాని పాల క్యానే లాక్కోని తలకాయ మీద ఏసినా."

"క్యానుతోనా?"

"మూడు దెబ్బలు. కాదు, నాలుగు. మూత ఎగిరి కాలవలో పడింది. కింద పాలన్నీ ఎర్రగ..."

"చాలు."

"వాడు అరవను గూడా అరవలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆటోలో ఏసుకోని అనంతపురం తీసుకుపోయినారు. నేను రైలు గేటు కాడ కూర్చోని వస్తాండా."

"ఎంతసేపైంది?"

"గంట."

"గంటైనాక, టీ తాగినాక చెప్తాండావా?"

"ఇంగా అయిపోలేదు. గడ్డపార యాడుండాది?"

"ఎందుకు?"

"వాని ఎనుము కాళ్ళిరగ్గొట్టొస్తా. తప్పు చేసింది కాక ఎంత మాటన్నాడో తెలుసా? జరుగు."

"జరగను."

"తలుపు ఇడువు సువర్ణా. నిన్ను గూడా కొడతా."

"కొట్టు. కొట్టేముందు ఆ రాగిపిండి డబ్బా మూత తియ్యి."

"ఇప్పుడు రాగిపిండి ఏందే?"

"తియ్యి బావా."

"తెల్లగుండాది. ఏందిది?"

"పాలపొడి. ఇరవై రోజుల నుంచి నువ్వు తాగుతాండేది అదే. ప్యాకెట్ మీద రాసినదానికంటే ఒక చెంచా తక్కువేసి కలుపుతాండా. ఈపొద్దే మనసొప్పక రెండు ఎక్కువేసినా."

"మరి తిప్పేష్ పాలు?"

"నేనే మాన్పించినా. నెలకు తొమ్మిదొందలు మిగుల్తాది. ఎండలు ముదిరేలోపల కూలర్ తెచ్చి పెడదామని. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి మంచం పక్కన చల్లగా తిరుగుతా ఉండాలని... తడి టవలు కప్పుకోని పడుకుంటావు గదా, చూడలేక."

"వాడు చెప్పొచ్చు గదా. నోరు లేదా వానికి?"

"నేనే వద్దన్నా. కూలర్ వచ్చేదాకా మా బావకు తెలీకూడదన్నా అని చేతిలో చెయ్యేపిచ్చుకున్నా. బేరం పోయినా నవ్వుతానే ఒప్పుకున్నాడు. 'ఒట్టేసినా చెల్లెమ్మా, చంపినా చెప్పను' అన్నాడు."

"అందుకా..."

"ఏదో మాటన్నాడంటివే. ఏమన్నాడు?"

"ఏం లేదు."

"చెప్పు బావా."

"'ఇంట్లో అడుగన్నా.' దెబ్బ దెబ్బకూ అదే. ఇంట్లో అడుగు, ఇంట్లో అడుగు."

"అడగొచ్చు గదా. ఇంటికొచ్చి నన్ను అడగొచ్చు గదా."

"నా పెళ్ళాం మీద ఏదో కూస్తాండాడనుకున్నా. ఆ నాలుగో దెబ్బ పాలకు కాదు సువర్ణా. ఆ మాటకు."

"బండి తియ్యి. పెద్దాసుపత్రికి పోదాం. నేనే చెప్తా, తప్పు నాదేనని."

"కాళ్ళు పట్టుకుంటా. కొత్త క్యాను కొనిస్తా. ఇంగ దినమూ రెండు లీటర్లు వాని దగ్గరే పోపిచ్చుకుందాం. పదా. తాళం యాడ పెట్టినా?"

"నీ చేతిలోనే ఉండాది. ఆగు, ఎవరో వచ్చినారు."

"సువర్ణ వదినా."

"మహేశ్వరీ? నువ్వు ఈడుండావేంది? తిప్పేషన్నతో ఆటోలో పోలేదా?"

"పోయినా వదినా. ఇంగ ఆసుపత్రితో పనిలేదని సగం దారిలో వెనక్కి తిప్పినారు. ఆటో మీ వాకిట్లోనే ఉండాది."

"మహేశ్వరీ, నేను... వాన్ని నేను..."

"నీతో కొట్లాటకు రాలేదన్నా. వదినకు ఒక మాట అప్పజెప్పి పోతా. ఆటోలో అదొక్కటే అన్నాడు. 'చెల్లెమ్మకు చెప్పు, నేను చెప్పలేదని.'"