గుండె మామ కునుకు

బడి వదిలేశారు. ఐదో తరగతి గదిలో సైన్సు టీచరు బోర్డు దగ్గర నిలబడింది. పిల్లల బల్లలో మోకాళ్ళు పట్టక అవస్థ పడుతూ టైలరు కూర్చున్నాడు. అతని కూతురు పిట్ట బయట వరండాలో ఉంది.

“చంపమంటే ఎలా చంపనండీ?”

“చంపమనట్లేదు మేడమ్. లేవకుండా చేయండి చాలు.”

“రెండూ ఒకటే కదా.”

“ఒకటే. కానీ మీరు బోర్డు మీద గీస్తే మా పిట్ట నమ్ముతుంది. మేం నోరు నొప్పెట్టేలా చెప్తున్నా దాని చెవికెక్కట్లేదు.”

“గుండె మామంటే ఈ క్లాసుకి ప్రాణమండీ. పుస్తకంలో గుండె బొమ్మ చూపించినన్నాళ్ళూ ఒక్కళ్ళ బుర్రకీ ఎక్కలేదు. దానికే కళ్ళూ మీసాలూ గీసి, టోపీ పెట్టి, కర్ర ఇచ్చి, నాలుగు గదులకి కాపలా పెట్టేసరికి, చెడ్డ రక్తం ఎటు పోతుందో మంచి రక్తం ఎటు వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తున్నారు.”

“మా పిట్ట వాళ్ళ తాతకీ చెప్పింది. తాతా, నీ లోపల ఒక మామ ఉన్నాడు, పుట్టినప్పటినుంచీ కూర్చోలేదు తెలుసా అని. మా నాన్న చొక్కాకి కాజా కుడుతూనే, పాపం, కుర్చీ వేయవే అతనికి అన్నాడు.”

“పెద్దాయన ఎలా పోయారండీ?”

“నిద్రలోనే. పొద్దున లేపబోతే ఒళ్ళు చల్లగా ఉంది. మేమంతా మంచం చుట్టూ చేరి ఏడుస్తుంటే ఇది మధ్యలో దూరి చప్పట్లు మొదలెట్టింది. మా అక్క వీపు మీద ఒక్కటిచ్చింది కూడా.”

“అయ్యో.”

“తర్వాత చెప్పింది. గుండె మామ కునుకు తీస్తే టీచర్ చప్పట్లు కొట్టమంటారు, కొడితే లేచి సెల్యూట్ చేస్తాడు అని.”

“అది... చివరి పీరియడ్‌లో పిల్లలు జోగుతుంటే పెట్టానండీ. మామ కూడా జోగుతున్నాడు, అందరం కలిసి లేపుదాం అని. పాఠంలో లేదు. నేనే కల్పించాను.”

“మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు మేడమ్.”

“పట్టాల్సిందే. కార్టూన్లో ఎవరూ చావరండీ. కొండ మీంచి పడ్డా దుమ్ము దులుపుకుని లేస్తారు. అందుకే కదా పిల్లలు నవ్వుతారు.”

“ఇప్పటికీ మానలేదు. రోజూ తెల్లారగానే ఆ మంచం దగ్గర నిలబడి కొడుతుంది. తాత ఇక రాడమ్మా అంటే తలూపుతుంది. మర్నాడు మళ్ళీ మామూలే. ఆ చప్పుడు వినడం నా వల్ల కావట్లేదు. ముసుగు తన్నినా వినిపిస్తుంది.”

“ఆ టైముకి మీరు షాపుకి వెళ్ళిపోవచ్చు కదా.”

“తీయట్లేదు.”

“షాపా? మా పిల్లల యూనిఫాంలన్నీ మీ దగ్గరే ఉన్నాయి.”

“తీస్తాను మేడమ్. రేపో ఎల్లుండో.”

“పోయిన వారం కూడా ఆ మాటే అన్నారట.”

“కాజాలన్నీ ఆయనే కుట్టేవాడు. ఆ స్టూలు ఖాళీగా... ఇప్పుడదంతా ఎందుకులెండి. గీస్తారా, గీయరా?”

“కార్టూన్లు ఇక చాలించమని హెడ్ మాస్టరు ఎటూ అంటున్నారు. సరే, గీస్తాను. పిట్ట ఒక్కదాని కోసమే. వెంటనే చెరిపేస్తాను. రేపు మిగతా పిల్లలకి మామ లేవాలి.”

“మీ ఇష్టం.”

“టోపీ తీసి పక్కన పెట్టాను. కర్ర గోడకి ఆనించాను. కళ్ళు ఎలా గీయనండీ? గీత గీస్తే నిద్రపోయినట్టే ఉంది.”

“మా నాన్న కూడా అలాగే ఉన్నాడు.”

“పోనీ, కళ్ళ మీద ఇంటూ మార్కులు పెడితే?”

“వద్దు మేడమ్, నవ్వులాటగా ఉంటుంది.”

“మరెలా?”

“నాకేం తెలుసు?”

“నాకు మాత్రం తెలుసా? ఇన్నేళ్ళుగా బొమ్మలు గీస్తున్నాను, ఇది చేతకావట్లేదు.”

“అలాగే ఉంచేయండి. మాటలతో చెప్పండి. మీరు చెప్తే వింటుంది.”

“పిట్టా, లోపలికి రామ్మా.”

“మామ టోపీ తీసేశాడేంటి టీచర్?”

“ఇలా కూర్చో. ఈ మామ ఇక లేవడమ్మా. ఎన్ని చప్పట్లు కొట్టినా లేవడు.”

“తాతయ్య లోపలి మామా?”

“అవును.”

“నాకు తెలుసు. తాతయ్య చచ్చిపోయాడుగా. ఆ రోజు కొట్టినా లేవలేదు, అందరూ తీసుకెళ్ళిపోయారు.”

“తెలిస్తే మరి రోజూ మంచం దగ్గర చప్పట్లెందుకే, పిట్టా?”

“నువ్వుండు నాన్నా. టీచర్, మీకొక్కళ్ళకే చెప్తా.”

“ఫరవాలేదమ్మా, నాన్న కూడా విననీ.”

“తాతయ్య మంచంలో ఇప్పుడు నాన్న పడుకుంటున్నాడు టీచర్. షాపుకి పోడు. అన్నం తినడు. అమ్మ పిలిచినా పలకడు. నేను గట్టిగానే కొడుతున్నా. అయినా లేవట్లేదు.”